జిప్ కవరా, వాక్యూమా, సిలికానా? ఫ్రీజర్‌లో వంట దాచడానికి ఏది, ఎప్పుడు

నెలా రెండు నెలల్లో తినేసే వంటకు మందపాటి ఫ్రీజర్ జిప్ కవరు సరిపోతుంది. మూడు నెలలు దాటి ఉంచబోయే పచ్చి మాంసానికి, చేపకు మెషీన్‌తో గాలి పీల్చేసి మూసే వాక్యూమ్ కవరు పెట్టిన ఖర్చుకు తగ్గ ఫలితం ఇస్తుంది. వారం తిరక్కుండానే తీసి, కడిగి, మళ్లీ నింపేవాటికి సిలికాన్ సంచి బాగుంటుంది. పలచటి పాలిథిన్ కవరు మాత్రం ఒంటరిగా ఫ్రీజర్‌లోకి వెళ్లకూడదు. మందపాటి కవరు లోపల రెండో పొరగా పనికొస్తుంది, అంతే.

తొందరలో ఉన్నవారికి ఈ మాట చాలు. అయితే ఒకే రకం కవరులో పెట్టిన సూప్ ఒక ఇంట్లో మూడు నెలలకూ బాగుంటుంది, మరో ఇంట్లో మూడు వారాలకే చప్పబడిపోతుంది. ఆ తేడా చాలావరకు కవరుది కాదు. వంట ఎంత త్వరగా చల్లారింది, ఎంత పలచగా పరిచారు, లోపల ఎంత గాలి మిగిలింది అన్నవే అసలు తేడా తెస్తాయి. అందుకే కవర్లను పోల్చేటప్పుడు నింపే పద్ధతినీ కలిపే చెప్పాలి.

కవరు చేయాల్సిన పని ఏమిటి

ఫ్రీజర్‌లోని గాలి బాగా పొడిగా ఉంటుంది. అక్కడ మంచు నీరు కాకుండానే నేరుగా ఆవిరైపోతుంది. అలా నీరు పోయిన చోట మాంసం మీద తెల్లటి, బూడిదరంగు మచ్చలు పడతాయి, ఆ భాగం వండినా పీచులా ఉంటుంది. దీన్నే ఫ్రీజర్ బర్న్ అంటారు. తింటే హాని లేదు, రుచే ఉండదు. కవరు గట్టిగా మూసినా లోపల ఖాళీ ఉంటే ఇదే జరుగుతుంది. వంటలోంచి లేచిన ఆవిరి ఆ ఖాళీలో తిరిగి, కవరు లోపలి గోడకు మంచుపొడిలా అంటుకుంటుంది. కవరు లోపల కనిపించే ఆ మంచంతా వంట పోగొట్టుకున్న నీరే.

తనంతట తానే మంచు కరిగించుకునే ఫ్రీజర్లలో ఈ బెడద ఎక్కువ. అవి కొన్ని గంటలకోసారి కాస్త వేడెక్కి మళ్లీ చల్లబడతాయి కాబట్టి, గాలి మిగిలిన కవరులో చెమ్మ ప్రతిసారీ కొంచెం కొంచెం వంటను వదిలి పోతూ ఉంటుంది. తలుపు అరల్లో ఉష్ణోగ్రత ఇంకా ఎక్కువగా ఊగుతుంది. ఎక్కువ కాలం ఉంచాల్సినవి లోపలి భాగంలోనే పెట్టండి. ఫ్రీజర్ మైనస్ 18 డిగ్రీల సెల్సియస్ దగ్గర నిలకడగా ఉండాలి. డయల్ మీది అంకెను నమ్మకుండా లోపల ఓ థర్మామీటర్ పెట్టి చూడటం మేలు.

ప్లాస్టిక్ రకం కూడా చూసుకోవాలి. జిప్ కవర్లకు వాడే పాలిథిలీన్ మైనస్ 18 దగ్గరా మెత్తగానే వంగుతుంది. తళతళలాడుతూ గరగర శబ్దం చేసే పాలీప్రొపిలీన్ కవర్లు చలికి పెళుసెక్కి, చిన్న దెబ్బకే చిట్లుతాయి. బిస్కెట్లకు, పొడి సరుకులకు బాగుండే ఆ కవరు ఫ్రీజర్‌కు పనికిరాదు. సరుకులు తెచ్చుకునే క్యారీ బ్యాగులు, చెత్త సంచులు ఆహారం తాకేలా చేసినవి కావు కాబట్టి వాటి జోలికే వెళ్లొద్దు.

జిప్ కవర్లు: ఎక్కువ ఇళ్లకు ఇవే చాలు

చూడ్డానికి ఒకేలా ఉన్నా జిప్ కవర్లలో రెండు తరగతులున్నాయి. మామూలు నిల్వకు చేసినవి సుమారు 40 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మందం, ఫ్రీజర్ కోసం చేసినవి సుమారు 65 నుంచి 70 మైక్రాన్లు ఉంటాయి. మందం పెరిగితే చెమ్మ, వాసనలు దాటడం తగ్గుతుంది, గడ్డకట్టిన అంచులు గుచ్చుకున్నా చిరగదు. పెట్టె మీద ‘ఫ్రీజర్’ అని స్పష్టంగా లేకపోతే అది మామూలు కవరే అనుకోండి.

మూతలోనూ తేడా ఉంది. వేళ్లతో నొక్కి మూసే జోడు గీతల జిప్ ద్రవాలకు నమ్మకమైనది. లాగే స్లయిడర్ ఉన్నది మూయడానికి సులువే గానీ, స్లయిడర్ ఆగే మూల దగ్గర చిన్న సందు మిగిలిపోతుంటుంది. బ్రెడ్‌కు, ముక్కలకు ఫర్వాలేదు. సూప్ పోసి పడుకోబెడితే ఆ మూల నుంచే కారుతుంది.

కారడానికి ఇంకా పెద్ద కారణం మనం నింపే తీరు. గరిటెతో పోసేటప్పుడు జిప్ గాడిలో ఒక్క మెతుకు, ఒక నూనె చుక్క పడినా అక్కడ జిప్ కలవదు. అందుకే కవరు మూతిని నాలుగు వేళ్ల వెడల్పున బయటికి మడిచి, పొడవాటి జగ్గులో గానీ వెడల్పు మూతి సీసాలో గానీ నిలబెట్టి పోయండి. మడత విప్పాక గాడి శుభ్రంగా ఉంటుంది. మూడొంతుల కంటే ఎక్కువ నింపొద్దు. నీరు గడ్డకట్టేటప్పుడు సుమారు 9 శాతం ఉబ్బుతుంది, కిక్కిరిసిన కవరులో ఆ ఒత్తిడి నేరుగా జిప్ మీదే పడుతుంది. ఒక లీటరు కవరులో 700 మిల్లీలీటర్లు పోస్తే సుఖంగా పడుకుంటుంది.

తర్వాత కవరును బల్ల మీద పడుకోబెట్టి, జిప్ వేలెడు సందు వదిలి మూసి, అడుగు నుంచి మూతి వైపుకు అరచేత్తో మెల్లగా నెడుతూ రండి. వంట సందు దాకా వచ్చేసరికి గాలంతా పోతుంది, వెంటనే మూసేయాలి. మాంసం ముక్కల్లాంటి ఎగుడుదిగుడు వాటికి ఇలా కుదరదు. వాటికి పెద్ద గిన్నెలో నీళ్లు తీసుకుని, తెరిచిన కవరును జిప్ మాత్రం పైకి ఉండేలా మెల్లగా ముంచండి. నీటి ఒత్తిడికి ప్లాస్టిక్ ముక్కలకు అతుక్కుపోయి గాలి పైనుంచి వెళ్లిపోతుంది. ముంచి ఉండగానే జిప్ నొక్కేయాలి. మెషీన్ లేకుండా వాక్యూమ్‌కు దగ్గరగా వెళ్లే దారి ఇది. స్ట్రాతో పీల్చడం కంటే శుభ్రం కూడా, పచ్చి మాంసం విషయంలో స్ట్రా అసలు వద్దు.

మందం రెండు మూడు సెంటీమీటర్లకు మించకుండా పరిచి గడ్డకట్టించండి. మందం సగం చేస్తే గడ్డకట్టే సమయం సగానికి పైగానే తగ్గుతుంది. త్వరగా గడ్డకడితే మంచు స్ఫటికాలు చిన్నవిగా ఏర్పడతాయి. నెమ్మదిగా గడ్డకడితే అవి పెద్దవై కూరగాయల, మాంసం కణాలను చీల్చేస్తాయి, కరిగించినప్పుడు నీళ్లు కారి వంట మెత్తబడేది అందుకే.

కవరును తీగల అర మీద నేరుగా పెట్టకండి. మెత్తటి కవరు తీగల మధ్య సందుల్లోకి దిగి అలాగే గడ్డకట్టి పట్టేసుకుంటుంది, గట్టిగా లాగితే అడుగున చిరుగుతుంది. ఆ చిరుగు కరిగించేదాకా కంటికి కనబడదు. పళ్లెం మీద పరిచి పెట్టి, రాయిలా అయ్యాక పళ్లెం తీసేసి కవర్లను పుస్తకాల్లా వరుసగా నిలబెట్టుకోవచ్చు. ముద్దలు, చిక్కటి సాస్‌లు, ఖీమా అయితే సగం గడ్డకట్టినప్పుడు గరిటె కాడతో కవరు పైనుంచి అడ్డంగా నిలువుగా గాడులు పడేలా నొక్కండి. తర్వాత కావలసినంత ముక్క విరుచుకోవచ్చు, కవరంతా కరిగించాల్సిన పని ఉండదు.

వాక్యూమ్: ఎప్పుడు లాభం, ఎప్పుడు దండగ

వాక్యూమ్ కవర్లలో సాధారణంగా నైలాన్ పొర, పాలిథిలీన్ పొర కలిసి ఉంటాయి. నైలాన్ ఆక్సిజన్‌ను ఆపుతుంది, పాలిథిలీన్ చెమ్మను ఆపి, వేడికి అతుక్కుంటుంది. గాలి లేనందువల్ల ఫ్రీజర్ బర్న్ చాలా ఆలస్యమవుతుంది, కొవ్వు పాతబడి చెడు వాసన పట్టడమూ నెమ్మదిస్తుంది. అందువల్ల పెద్ద మాంసం ముక్కలు, చేప, ఏడాదికోసారి దొరికే పండ్లు, కూరగాయలు విరివిగా దాచే ఇంటికి మెషీన్ కొనడం సబబే. వారానికి రెండు కవర్ల సూప్ దాచే ఇంటికి అది అల్మారాలో చోటు తినే వస్తువు.

ఇళ్లలో వాడే మెషీన్లు ఎక్కువగా కవరు మూతిని బిగించి గాలి పీల్చే రకం. వీటికి లోపల గరుకు గీతలున్న కవర్లే కావాలి, గాలి ఆ గీతల వెంట బయటికి వస్తుంది. నున్నటి కవరు పెడితే రెండు పొరలూ ముందే అతుక్కుని గాలి లోపలే ఉండిపోతుంది. నున్నటివి మొత్తం కవరును పెట్టెలో పెట్టి గాలి తీసే ఛాంబర్ మెషీన్లకు. నున్నటివి చవకగా వస్తున్నాయని కొని, పనిచేయట్లేదని మెషీన్‌ను తిట్టుకునేవాళ్లు తక్కువేం లేరు.

మూతి మెషీన్‌కు తడి అంటే పడదు. పీల్చేటప్పుడు రసం అతుకు దాకా వచ్చిందంటే అతుకు సరిగా పడదు, పంపులోకి పోతే మెషీనే పాడవుతుంది. ద్రవాలను ముందు డబ్బాలోనో అచ్చులోనో గడ్డకట్టించి, ఆ దిమ్మెను కవరులో వేసి గాలి తీయండి. తడిగా ఉన్న మాంసాన్ని గంటా రెండు గంటలు పళ్లెంలో ఫ్రీజర్‌లో పెట్టి పైపొర గట్టిపడ్డాక చేయండి. వంటకు, అతుకుకు మధ్య ఏడెనిమిది సెంటీమీటర్లు ఖాళీ వదలండి. ఎముక మొనలు కవరును గుచ్చేస్తాయి కాబట్టి వాటి మీద వంటకాగితాన్ని మడిచి పెట్టాలి. బ్రెడ్, బెర్రీల్లాంటి మెత్తటివి గడ్డకట్టాకే వాక్యూమ్ చేయాలి, లేకపోతే పిండిపోతాయి. అతుకు మీద బుడగలు, ముడతలు కనిపిస్తే పక్కనే ఇంకో అతుకు వేయండి.

వాక్యూమ్ చేసింది కాబట్టి బయట ఉన్నా చెడదనుకోవడం ఈ మొత్తం విషయంలో నిజంగా ప్రమాదకరమైన అపోహ. గాలి తీయడం వల్ల మామూలుగా చెడగొట్టే సూక్ష్మజీవులు తగ్గుతాయి, వాటితోపాటు పాడైందని తెలిపే దుర్వాసనా తగ్గుతుంది. బోటులిజం అనే ప్రాణాంతకమైన ఆహార విషబాధ కలిగించే క్లాస్ట్రీడియం బోటులినమ్ అనే బ్యాక్టీరియాకు మాత్రం గాలి లేని చోటే ఇష్టం. అందులో కొన్ని రకాలు 3 డిగ్రీల చల్లదనంలో కూడా పెరగగలవు. కనుక వాక్యూమ్ చేసిన వంట ఫ్రీజర్‌లోనో ఫ్రిజ్‌లోనో ఉండాల్సిందే. వెల్లుల్లి, పచ్చి పుట్టగొడుగులు, మెత్తటి చీజ్ వాక్యూమ్ చేసి ఫ్రిజ్‌లో దాచకండి. వాక్యూమ్ చేసి గడ్డకట్టించిన చేపను ఫ్రిజ్‌లో కరిగించే ముందు కవరు కత్తిరించి గాలి తగలనివ్వాలి. క్యాబేజీ, బ్రకోలీ జాతివి పచ్చిగా వాక్యూమ్ చేస్తే వాయువు వదిలి కవరును ఉబ్బిస్తాయి, వేడినీళ్లలో ముంచి తీశాకే చేయాలి.

సిలికాన్ సంచులు

ఇవి వేడికీ చలికీ తట్టుకుంటాయి, వందల సార్లు కడిగి వాడొచ్చు, నిలబడతాయి కాబట్టి నింపడం సులువు. అయినా ఎక్కువ కాలం ఫ్రీజర్ నిల్వకు మా ఓటు వీటికి కాదు. సిలికాన్ గుండా గాలి, నీటి ఆవిరి పాలిథిలీన్ గుండా కంటే చాలా సులువుగా దాటతాయి. గోడ మందంగా ఉండటం ఆ లోటును కొంతే పూడుస్తుంది. పైగా గోడ బిరుసు కాబట్టి వంటకు అతుక్కోదు, మూలల్లో గాలి మిగులుతుంది. ఉల్లి, వెల్లుల్లి వాసన, టమాటా రంగు పట్టుకుంటే ఓ పట్టాన వదలవు. ఫ్రిజ్‌లో నాలుగు రోజులు, ఫ్రీజర్‌లో నెల లోపు ఉంచేవి, తరిగిన కూరగాయలు, రేపటి సూప్ లాంటి వాటికి వాడుకోండి. వాసన లేని పండ్లకు ఒకటి, కూరలకు ఒకటి విడిగా పెట్టుకుంటే బాగుంటుంది.

కవరులోకి వెళ్లే ముందు

గడ్డకట్టించడం బ్యాక్టీరియాను చంపదు, పెరగకుండా ఆపుతుంది. వంట కవరులోకి ఎన్ని బ్యాక్టీరియాలతో వెళ్లిందో, కరిగాక దాదాపు అన్నింటితో బయటికొస్తుంది. అందుకే చల్లార్చడం ముఖ్యం. 60 డిగ్రీల నుంచి 21 డిగ్రీలకు రెండు గంటల్లో, అక్కడి నుంచి 5 డిగ్రీలకు మరో నాలుగు గంటల్లో దిగాలి. పెద్ద గిన్నెలో మూతపెట్టి వదిలేస్తే మధ్యభాగం ఆ వేళకు గోరువెచ్చగానే ఉంటుంది. వెడల్పు పళ్లేల్లో అయిదు సెంటీమీటర్ల లోతుకు పంచండి, లేదా గిన్నెను ఐస్ వేసిన నీళ్లలో పెట్టి కలుపుతూ ఉండండి. వండినది బయట రెండు గంటలకు మించి ఉండకూడదు, గది 32 డిగ్రీలు దాటితే గంటే. అన్నం విషయంలో ఇంకా త్వరపడాలి. అందులోని బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉడికించినా చావవు, వెచ్చగా ఉంచితే మొలకెత్తి విషం తయారుచేస్తాయి, ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు. పళ్లెంలో పలచగా పరిచి గంటలో చల్లార్చి కవరులోకి ఎత్తేయండి.

వేడి వేడిగా కవరులో పోస్తే ఇంకో నష్టం కూడా ఉంది. ఆవిరి కవరులో నీళ్లై తర్వాత మంచవుతుంది, పక్కనున్న కవర్లు కాస్త కరిగి మళ్లీ గడ్డకడతాయి. ఒకేసారి ఫ్రీజర్ నింపేయడం కూడా అదే పని చేస్తుంది. ప్రతి 28 లీటర్ల ఫ్రీజర్ చోటుకు రోజుకు కిలో, కిలోంబావు కొత్త సరుకు మించకుండా పెట్టుకోవాలి.

పచ్చి కూరగాయల్లో ఎంజైములు చలిలోనూ నెమ్మదిగా పనిచేస్తూ రంగు, రుచి పాడుచేస్తాయి. అర కిలోకు నాలుగు లీటర్ల చొప్పున మరుగుతున్న నీళ్లలో బీన్స్ 3 నిమిషాలు, పచ్చి బఠానీ నిమిషంన్నర, క్యారెట్ ముక్కలు 2, పాలకూర 2, కాలీఫ్లవర్ 3 నిమిషాలు ఉంచి, అంతే సేపు ఐస్ నీళ్లలో వేయండి. తర్వాత తడి లేకుండా ఆరబెట్టడం మరవొద్దు, కవరులో ముద్దకట్టేది ఆ తడి వల్లే. బెర్రీలు, తరిగిన పండ్లు పళ్లెం మీద విడివిడిగా గడ్డకట్టాక కవరులో వేస్తే గుప్పెడు తీసుకోవడానికి వీలుంటుంది.

కొన్నింటికి ఏ కవరూ సాయం చేయలేదు. మయొనైజ్, క్రీమ్ సాస్‌లు విడిపోతాయి, ఉడికిన గుడ్డు తెల్లసొన రబ్బరులా అవుతుంది, లెట్యూస్, దోసకాయ నీరుకారిపోతాయి, సూప్‌లో బంగాళదుంప ముక్కలు పిండిపిండిగా మారతాయి. గోధుమపిండితో చిక్కబరిచిన సాస్ కరిగాక విరిగినట్టు కనిపిస్తే వేడి చేస్తూ గట్టిగా చిలికితే చాలావరకు కలుస్తుంది.

ఎంతకాలం, ఎలా కరిగించాలి

మైనస్ 18 దగ్గర నిలకడగా ఉన్న వంట చెడదు. ఈ గడువులు రుచికి సంబంధించినవి. సూప్‌లు, కూరలు రెండు మూడు నెలలు, వండిన మాంసం రెండు నుంచి ఆరు నెలలు, పచ్చి ఖీమా మూడు నాలుగు నెలలు. కొవ్వు ఎక్కువున్న చేప రెండు మూడు నెలలకే రుచి మారుతుంది, కొవ్వు తక్కువున్నది ఆరు నెలల దాకా ఉంటుంది. ఈ గడువుల్లో మొదటి సగం కాలానికి జిప్ కవరు చాలు, గడువు చివరి దాకా వెళ్లాలనుకుంటేనే వాక్యూమ్.

కరిగించడం ఫ్రిజ్‌లో అయితే నిశ్చింత. పలచగా పరిచిన కవరుకు ఒక రాత్రి చాలు, రెండు కిలోల ముద్దకు రోజంతా పడుతుంది. తొందరైతే మూసిన కవరును చల్లటి నీళ్లలో ఉంచి, ప్రతి 30 నిమిషాలకు నీళ్లు మార్చండి. అర కిలో గంటలో కరుగుతుంది, వెంటనే వండేయాలి. ఇక్కడే పలచటి కవరు మోసం బయటపడుతుంది, నీళ్లు లోపలికి, రసం బయటికి. గట్టు మీద వదిలేయడం మాత్రం వద్దు. మధ్యభాగం కరిగేలోపు అంచులు గంటల తరబడి వెచ్చగా ఉంటాయి. తిరిగి వేడి చేసేటప్పుడు లోపల 74 డిగ్రీలు చేరాలి. జిప్ కవరుతోనే మైక్రోవేవ్‌లో పెట్టకండి. నూనె వేడెక్కితే నీటి కంటే ఎక్కువ వేడికి చేరి పాలిథిలీన్‌ను కరిగించగలదు. కవరును ఒక్క క్షణం గోరువెచ్చటి నీళ్ల కింద పెడితే దిమ్మె జారి గిన్నెలో పడుతుంది. ఫ్రిజ్‌లోనే కరిగినది తినకపోతే మళ్లీ గడ్డకట్టించవచ్చు, కాస్త మెత్తబడుతుంది అంతే.

పేరు, తేదీ, ఎంతమందికి అన్నది కవరు ఖాళీగా, పొడిగా ఉన్నప్పుడే రాయండి. చెమ్మపట్టిన చల్లటి ప్లాస్టిక్ మీద మార్కర్ అంటదు.

జిప్ కవర్లను కడిగి మళ్లీ వాడొచ్చు, కానీ పచ్చి మాంసం, చేప, గుడ్డు తాకిన వాటిని వదిలేయండి. గాడిలో, మూలల్లో చేరినది కడిగినా పూర్తిగా పోదు. వాడినదాన్ని మళ్లీ వాడే ముందు గాలి నింపి మూసి నీళ్లలో నొక్కి చూడండి. బుడగలు వస్తే అది ఇక బ్రెడ్‌కో పొడి సరుకులకో.

కొత్తగా మొదలుపెట్టేవారు ముందు లీటరు, అర లీటరు ఫ్రీజర్ జిప్ కవర్లు, రెండు చదునైన పళ్లేలు, ఒక థర్మామీటర్ కొనుక్కోండి. మూడు నెలలు గడిచాక ఫ్రీజర్ తెరిచి ఏవి మిగిలాయో చూడండి. మిగిలినవన్నీ వండిన కూరలే అయితే కావాల్సింది చిన్న కవర్లు, మెషీన్ కాదు. మచ్చలు పడ్డ మాంసం, చేప కనిపిస్తే మాత్రం అప్పుడు వాక్యూమ్ మెషీన్ గురించి ఆలోచించండి. కొనేటప్పుడు తడి వస్తువుల కోసం వేరే సెట్టింగ్, గాలి తీయకుండా అతుకు మాత్రమే వేసే బటన్ ఉన్నాయో లేదో చూసుకోండి.